తొంభై అచ్చరాలు

అచ్చరానికి మూడు రూకలు, చుక్కలకు కూలి లేదు.
నీవా ఒడ్డున, దొరల గోరీల దొడ్డి పక్కన,
తాటాకు పందిట్లో బేరం తెగింది.
దుబాసి అయ్యాసామి మొదలారి కాయితం విప్పి
"రావెన్స్‌కోర్ట్" అన్నాడు. నాకు రావణకోట అని వినబడింది.
బతికినన్నాళ్ళూ ఊరంతా ఆయన్ని అట్లే పిల్చిందిలే.

సీమలో ఒక ప్రభువుకు మూడో కొడుకంట.
పెద్దోడికి భూములు, నడిపోడికి గుడి,
మూడోవాడికి మిగిలింది కత్తి.
అదీ ఊరికే కాదు. పదారేండ్లకే నాయన రొక్కమిచ్చి
కొనిపెట్టినాడంట పటాలంలో ఆ కొలువు.
"కొలువు కొంటారా సామీ, ఎద్దును కొన్నట్టు?" అంటి.
"పండ్లు చూడరు, అంతే తేడా" అన్నాడు మొదలారి.

కాయితం నిండా ఆయన పొయిన ఊర్లే.
ఓడలో ఆరు నెల్లు. చెన్నపట్నంలో జెండా మోసే చిన్నదొర.
శ్రీరంగపట్నం గోడ విరిగిన నాడు
ఎడం చేతి రెండు వేళ్ళు ఆ మట్టిలోనే పొయినాయి.
వాటికి బదులు కెప్టెన్ అయినాడు.
తర్వాత మేజరు. తర్వాత మా చిత్తూరు.

నేను దగ్గర్నించి చూసింది ఒకేసారి.
కచ్చేరి మెట్లు చెక్కతా ఉంటే గుర్రం ఆపి
ఆ మూడు వేళ్ళ చేత్తో నా ఉలి తీసుకొని
మొన మీద బొటనవేలు ఆనించి
తలాడించి తిరిగిచ్చినాడు. పనితనం తెలిసినోడే.
ఆ నెలే కొండకిందపాళెం కాలింది.

చచ్చింది మాత్రం గుండు తగిలి కాదు.
వానకాలం జొరం, పచ్చకామెర్లు.
గంగులమ్మ నూరి తెచ్చిన నేలవుసిరి పసరును
డాకటరు దొర కిటికీలోంచి పారబోసినాడు.

పొయినాక తెలిసింది, ఒళ్ళంతా అప్పులని.
చావిట్లో వేలం పెట్టిరి: జోళ్ళు, జీను, వెండి గిన్నె,
తీగెల్లేని ఒక పిడేలు.
కత్తిని ఎవరో సార్జంటు ఆరు వరహాలకు పాడుకున్నాడు.
అప్పులోళ్ళు పంచుకోంగా రాతికి మిగిలింది
తొంభై అచ్చరాల పైకం.
కాయితంలో ఉండేవి మున్నూటి పన్నెండు.

ఆ రాత్రి ఆముదం దీపం కింద ఇద్దరం కూచొని
ఒక దొర బతుకును కుదించినాం.
ప్రభువు కొడుకని ఉండాల్సిందే, లేకుంటే సీమలో అన్నకు కోపం.
శ్రీరంగపట్నం పన్నెండు. వేళ్ళిచ్చినాడు గదా, ఉండనీ.
ధీరుడు తీసేస్తిమి. దయాళువు తీసేస్తిమి,
అది వాళ్ళ భాషలో చేంతాడంత మాటంట.
"ఈ పొడుగు వరస ఏంది సామీ?"
మొదలారి కండ్లద్దాలు తుడ్చుకున్నాడు.
"చిత్తూరు పాళేగాళ్ళను అణిచి శాంతి నిలిపినవాడు."
"ఎన్ని?"
"నలభై ఏడు."

కొండకిందపాళెం కట్టుబడిలో మా చిన్నమామ బంట్రోతు.
చింతకొమ్మకు మూడు దినాలు ఉండినాడు, దించనీలేదు.
మొలతాడును బట్టి మా అత్త గుర్తుపట్టింది.
ఈ సంగతి మొదలారికి నేను చెప్పలేదు,
ఆయనా అడగలేదు. కలం ముంచి
ఆ వరస మీద అడ్డగీత గీసి
"పైకం చాలదు" అన్నాడు, గోడతో చెప్పినట్టు.

తెల్లారి పోయి చూస్తే, నా మేనల్లుడు తొందరోడు,
బొగ్గుగీతల్ని నమ్మి ఆ వరస మొదటచ్చరం
అప్పుడే కొట్టేసుండాడు.
పలక మీది రాత కాదు గదా, ఎంగిలి పెట్టి తుడిచేకి.

ఇప్పటికీ రాతి అడుగున ఒంటిగా ఉండాది.
నిలువుగా ఒక కొయ్య, పైకొసన తాడు ఉచ్చు.
దొరసానులు వస్తే గొడుగులు వంచి
ఇదేందని ఒకర్నొకరు అడుక్కుంటారు.
నాకు వాళ్ళ మాట రాదు.
ఆ ఒక్కదానికి మూడు రూకలు
నేను అడగలేదు.